సెకండ్ హ్యాండ్ పాంటూన్ బోట్: 115 హెచ్‌పీ ట్రైటూనా, 60 హెచ్‌పీ పాత బండా?

సెకండ్ హ్యాండ్ ఫోన్ కొనేటప్పుడు ఏం చూస్తాం? బ్యాటరీ హెల్త్, ఐఎంఈఐ, స్క్రీన్ ఒరిజినలా కాదా, బిల్ ఉందా లేదా. ఈసారి మనం చూడబోయేది జేబులో పట్టే గ్యాడ్జెట్ కాదు, 22 అడుగులది. కానీ చెక్ చేసే పద్ధతి మాత్రం దాదాపు అదే.

డాలస్ చుట్టుపక్కల ఉండే మన తెలుగు ఫ్యామిలీలకి వేసవి వీకెండ్ అంటే లేక్ లూయిస్‌విల్ లేదా లేక్ టెక్సోమా. రెండు మూడు సార్లు బోట్ అద్దెకి తీసుకున్నాక ఎవరికో ఒకరికి "ఈ డబ్బులతో సొంతంగా కొనేయొచ్చు కదా" అనిపిస్తుంది. మా ఇంట్లో ఆ ఎవరో మా అన్నయ్య. అన్నయ్య, వదిన, 6 ఏళ్ళది ఒకత్తి, 9 ఏళ్ళవాడు ఒకడు, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్న, నేను. మొత్తం ఏడుగురం. అందులో ఈత వచ్చింది ఇద్దరికే. అమ్మకి మోకాళ్ళ నొప్పులు. స్పీడ్ బోట్‌లోకి ఎక్కడం, దిగడం ఆవిడ వల్ల కాదు. ఇలాంటి ఇంటికి పాంటూనే కరెక్ట్. అల్యూమినియం ట్యూబుల మీద ఫ్లాట్‌గా ఒక డెక్, చుట్టూ రెయిలింగ్, పైన నీడ, మధ్యలో కూర్చుని పులిహోర తినేంత జాగా.

షార్ట్‌లిస్ట్‌లో చివరికి రెండు మిగిలాయి. కంపెనీ పేర్లు కావాలనే రాయట్లేదు, ఎందుకంటే ఇక్కడ తేడా కంపెనీది కాదు, వాటిని వాడిన మనుషులది.

మొదటిది 2016 మోడల్ ట్రైటూన్. అంటే మూడు ట్యూబులు, 22 అడుగులు, 115 హెచ్‌పీ ఇంజిన్, బ్లూటూత్ స్పీకర్లు, ఎల్‌ఈడీ లైట్లు. మీటర్‌లో 64 గంటలే. ధర 24,500 డాలర్లు. లేక్ లూయిస్‌విల్‌లో ఒక మరీనాలో నీళ్ళలోనే కట్టేసి ఉంది. రెండోది 2013 మోడల్, రెండే ట్యూబులు, 21 అడుగులు, 60 హెచ్‌పీ, 410 గంటలు, ట్రైలర్‌తో కలిపి 13,000 డాలర్లు. కార్పెట్ రంగు పోయింది, సీట్లు ఒకటి రెండు చోట్ల చిట్లాయి. స్టీరియో చూస్తే 2003లో కారులోంచి పీకి పెట్టినట్టుంది. కానీ ఎప్పుడూ షెడ్డు కింద ట్రైలర్ మీదే ఉండేది.

స్పెక్ షీట్ మాత్రమే చూస్తే పోటీ లేదు, ట్రైటూన్ గెలిచేసింది.

64 గంటలంటే మంచిదేనా?

మామూలుగా ఫ్యామిలీ బోట్ ఇంజిన్ ఏడాదికి 50 నుంచి 100 గంటలు తిరుగుతుంది. అన్నేళ్ళలో 64 గంటలంటే ఎక్కువ కాలం ఊరికే పడి ఉందని అర్థం. డ్రాయర్‌లో నాలుగేళ్ళు పడేసిన ఫోన్ బ్యాటరీ సైకిల్ కౌంట్ తక్కువే చూపిస్తుంది, అయినా బ్యాటరీ ఉబ్బి ఉండొచ్చు. ఇక్కడా అంతే. అమెరికాలో మామూలు పెట్రోల్‌లో 10 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. అది తేమని లాక్కుంటుంది, నెలల తరబడి ట్యాంక్‌లో ఉంటే నీళ్ళు విడిపోయి అడుక్కి చేరతాయి. వాటర్ పంప్‌లో ఉండే రబ్బరు ఇంపెల్లర్ కదలకుండా ఉంటే ఒకే ఆకారంలో బిగుసుకుపోతుంది. అది పోతే ఇంజిన్‌కి చల్లదనం ఉండదు.

410 గంటల ఇంజిన్ సంగతికి వస్తే, సరిగ్గా చూసుకున్న ఫోర్ స్ట్రోక్‌కి అది సగం వయసు కూడా కాదు. "సరిగ్గా చూసుకున్న" అన్నదే ప్రశ్న. డాష్‌బోర్డ్ మీటర్‌ని నమ్మక్కర్లేదు. కొత్త తరం అవుట్‌బోర్డ్ ఇంజిన్ల ఈసీయూకి డీలర్ దగ్గర ల్యాప్‌టాప్ తగిలిస్తే మొత్తం గంటలే కాదు, ఏ ఆర్‌పీఎమ్‌లో ఎన్ని గంటలు నడిచిందో కూడా వస్తుంది. ఫోన్‌లో స్క్రీన్ ఆన్ టైమ్ గ్రాఫ్ లాగా. ఈ బండిలో ఎక్కువ భాగం 3,000 నుంచి 4,000 మధ్యే. అంటే పెద్దాయన మెల్లగా తిప్పుకున్నాడు. దాంతోపాటు ఒక ఫైల్‌లో ప్రతి ఏడాది ఆయిల్ మార్చిన రసీదులు. నాకైతే ఆ ఫైల్ చూడగానే బ్లూటూత్ స్పీకర్ల మీద మోజు సగం తగ్గింది.

మెకానిక్‌తో కంప్రెషన్ టెస్ట్ తప్పకుండా చేయించండి. సిలిండర్ల మధ్య తేడా 10 శాతం లోపు ఉండాలి. గేర్ ఆయిల్ కొంచెం బయటకి తీసి చూడమనండి, పాలు కలిపిన టీ రంగులో ఉంటే లోపలికి నీళ్ళు పోయాయని అర్థం. ఇంకోటి, ఇంజిన్ కోల్డ్ స్టార్ట్ మీ ముందే జరగాలి. వెళ్ళగానే కవర్ మీద చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే మీరు రాకముందే ఎవరో స్టార్ట్ చేసి రెడీగా ఉంచారన్నమాట.

నీళ్ళ కింద ఏముంది?

ట్రైటూన్ నడిపి చూశాం. అబద్ధం చెప్పను, అద్భుతంగా ఉంది. ఏడుగురం ఎక్కినా ఫోన్ జీపీఎస్‌లో 29 మైళ్ళు దాటింది, పక్క నుంచి పెద్ద బోటు వెళ్ళినా ఊగలేదు. మూడో ట్యూబ్ విలువ అక్కడే తెలుస్తుంది. పిల్లల్ని ట్యూబ్ మీద కూర్చోబెట్టి లాగాలన్నా, స్కీయింగ్ కావాలన్నా 60 హెచ్‌పీ సరిపోదు, మొహమాటం లేకుండా ట్రైటూన్ వైపు వెళ్ళండి.

కానీ లూయిస్‌విల్‌లో జీబ్రా మస్సెల్స్ ఉన్నాయి. గోరంత ఉండే ఆల్చిప్పలు. టెక్సస్‌లో మొదట 2009లో టెక్సోమాలో బయటపడ్డాయి, తర్వాత చాలా సరస్సులకి పాకాయి. నీళ్ళలో వదిలేసిన బోట్ ట్యూబులకి, ఇంజిన్ కింది భాగానికి గుత్తులుగా అంటుకుంటాయి, కూలింగ్ నీళ్ళు వెళ్ళే దారుల్ని మూసేస్తాయి. రెండో ప్రమాదం ఇంకా సైలెంట్. మరీనాలో ఛార్జర్‌ని కరెంట్‌కి కలిపి ఉంచితే గ్రౌండ్ వైర్ ద్వారా పక్క బోట్లన్నీ ఒకదానికొకటి కలుస్తాయి. మధ్యలో నీళ్ళు. ఇంకేముంది, పెద్ద బ్యాటరీ తయారు. అరిగిపోయేది అల్యూమినియం. దాన్ని కాపాడటానికే యానోడ్ అనే చిన్న లోహపు ముక్క పెడతారు. అది పూర్తిగా కరిగిపోతే తర్వాత వంతు ట్యూబులది.

అందుకే బోట్‌ని ఒకసారి పైకి లేపి చూపించమని అడిగాం, ఖర్చు మేమే పెట్టుకుంటామన్నాం. ఓనర్ కుదరదన్నాడు. రెండోసారి అడిగితే "ఇంకో ఇద్దరు లైన్‌లో ఉన్నారు" అన్నాడు. బోట్ అడుగున ఏమీ ఉండకపోవచ్చు కూడా. అయినా ఫోన్ ఆన్ చేసి చూపించనన్న వాడికి 24,500 ఎవరిస్తారు?

రెండోదాన్ని ట్రైలర్ మీదే ఉంది కాబట్టి కిందకి దూరి చూశాం. ఫోన్‌కి తగిలించే చిన్న యూఎస్‌బీ ఎండోస్కోప్ కెమెరా ఇక్కడ బాగా పనికొచ్చింది. డెక్ ప్లైవుడ్ అడుగు భాగం, ట్యూబ్ బ్రాకెట్ల వెల్డింగ్ అన్నీ వీడియో తీసుకుని ఇంటికొచ్చి తీరిగ్గా జూమ్ చేసి చూశాం. పైన స్క్రూడ్రైవర్ పిడితో డెక్ అంతా తట్టాం. మెత్తగా, బొద్దుగా శబ్దం వస్తే చెక్క కుళ్ళినట్టు. గేట్ దగ్గర అరచేయంత చోట అలా వచ్చింది. బేరానికి అదే ఆయుధం.

ట్రైలర్‌ని ఎవరూ పట్టించుకోరు. టైర్ మీద డీఓటీ కోడ్ చివరి నాలుగు అంకెలు తయారైన వారం, సంవత్సరం చెబుతాయి. దీనివి ఒరిజినల్ టైర్లే, థ్రెడ్ కొత్తగా ఉన్నా మార్చాల్సిందే. ఇలాంటి బోట్, ట్రైలర్ కలిపి 3,000 పౌండ్లు దాటుతుంది. మన ఇళ్ళల్లో కామన్‌గా కనిపించే కొత్త హైబ్రిడ్ సియెన్నా 1,500 పౌండ్లే లాగుతుంది. అన్నయ్యది పెట్రోల్ హైలాండర్, 5,000 వరకు ఓకే.

పేపర్లు, రూల్స్

టెక్సస్‌లో బోట్‌కి ఒక టైటిల్, అవుట్‌బోర్డ్ ఇంజిన్‌కి వేరే టైటిల్. రెండూ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ డిపార్ట్‌మెంట్ ఇస్తుంది. ట్రైలర్ సంగతి కౌంటీ ట్యాక్స్ ఆఫీసులో. బోట్ హల్ నంబర్ 12 అక్షరాలు, చివరి రెండు అంకెలు మోడల్ ఇయర్. మూడింటి నంబర్లూ పేపర్లతో సరిపోవాలి, టైటిల్ మీద బ్యాంక్ లోన్ ఉండకూడదు. 1993 సెప్టెంబర్ 1న గానీ తర్వాత గానీ పుట్టినవాళ్ళు 15 హెచ్‌పీ దాటిన బోట్ నడపాలంటే బోటర్ ఎడ్యుకేషన్ కోర్స్ చేయాలి. ఈ సైట్ చదివేవాళ్ళలో చాలామంది అందులోకే వస్తారు, నాతో సహా. అన్నయ్యకి చట్టప్రకారం అక్కర్లేదు. వదిన మాత్రం "సర్టిఫికెట్ లేకుండా నా పిల్లల్ని ఎక్కించను" అని తేల్చేసింది. ఇద్దరం ఆన్‌లైన్‌లో పూర్తి చేశాం.

26 అడుగుల లోపు బోట్ కదులుతున్నంతసేపూ 13 ఏళ్ళ లోపు పిల్లలు లైఫ్ జాకెట్ వేసుకునే ఉండాలి. పాంటూన్‌లో అసలు భయం ముందు గేట్ బయట కాళ్ళు వేలాడేసుకుని కూర్చోవడం. అక్కడి నుంచి పడితే ట్యూబుల మధ్యలోంచి నేరుగా ప్రొపెల్లర్ దగ్గరికే వెళ్తారు. ఫొటోలకి ఆ చోటే అందంగా ఉంటుంది, అదే సమస్య. 2021 ఏప్రిల్ నుంచి ఇంజిన్ కట్ ఆఫ్ స్విచ్ వాడటం ఫెడరల్ రూల్ కూడా. నడిపేవాడు నీళ్ళలో పడితే ఇంజిన్ ఆగిపోతుంది. తాడు చిరాకు అనుకుంటే వైర్‌లెస్‌వి దొరుకుతున్నాయి. ఈ ఆర్టికల్ మొత్తంలో నేను గట్టిగా రికమెండ్ చేసే గ్యాడ్జెట్ అదొక్కటే.

చివరికి పాతదే తీసుకున్నాం, 11,800కి. ఏడుగురితో 60 హెచ్‌పీ మీద 17 మైళ్ళే వస్తుంది, గాలి ఎక్కువగా ఉన్న రోజు ఒడ్డుకి చేర్చడం నిజంగానే కష్టం. మిగిలిన డబ్బులో టైర్లు, ఇంపెల్లర్, డెక్ రిపేర్ అయ్యాయి. హెచ్‌ఓఏ ఇంటి ముందు బోట్ పెట్టనివ్వదు కాబట్టి స్టోరేజ్ అద్దె నెలనెలా సబ్‌స్క్రిప్షన్ లాగా కడుతున్నాం. అన్నయ్య స్టీరియో మారుద్దామన్నాడు. ఆ బడ్జెట్‌ని వదిన పిల్లల బరువుకి సరిపోయే లైఫ్ జాకెట్లకి, అమ్మ పట్టుకుని ఎక్కడానికి ఒక స్టీల్ హ్యాండిల్‌కి ఎప్పుడో ఖర్చు పెట్టేసింది.