దేహభారము తగ్గుటకు చెల్లించు మూల్యము

శరీర భారము తగ్గించుకొనుటకు పోషకాహార నిపుణులను, వ్యాయామ శిక్షకులను ఆశ్రయించువారు నేడు అనేకులు. వారికి చెల్లించు రుసుము దేనికి మూల్యమో ఇచ్చట పరిశీలింతము.

మితముగా భుజించి, ప్రతిదినము నడువవలెనను సలహా కొనవలసిన వస్తువు కాదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన ఆహార మార్గదర్శకములను ఎవరైనను ఉచితముగా చదువుకొనవచ్చును. అయినను చదివినవారందరు ఆచరింపలేరు.

మధుమేహమునకు చేరువలోనున్న 3,234 మందితో అమెరికాలో జరిగి, 2002లో ఫలితములు ప్రకటింపబడిన పరిశోధన ఇందుకు నిదర్శనము. అందొక వర్గమునకు శిక్షకులు విడివిడిగా 16 పాఠములు చెప్పి, పిదప కూడ కలిసికొనుచు వచ్చిరి. బరువులో 7 శాతము తగ్గుట, వారమునకు 150 నిమిషములు శ్రమించుట లక్ష్యములు. మందులేని మాత్ర తీసికొన్నవారికంటె వీరిలో మధుమేహము 58 శాతము తక్కువగా కలిగెను. మూడేండ్లలో మనిషికి అయిన వ్యయము సుమారు 2,780 డాలర్లు. దీనినుండి మేము గ్రహించినది ఒక్కటే: మూల్యము ఉపదేశమునకు కాదు, విడువని పర్యవేక్షణకు.

కావున "నెలకు పది కిలోలు" అను ప్రకటన చూచి, పిల్లల చదువుకై దాచిన సొమ్మును ముందుగానే చెల్లించుట అవివేకము. నిపుణుని యోగ్యత యేమి, ఎన్నిసార్లు చూచును, ఎంతకాలము చూచును అని మొదట అడుగవలెను. అల్పాదాయము గలవారు నలుగురైదుగురు కూడి ఒక నిపుణుని రుసుమును పంచుకొని, ఫజ్ర్ నమాజు పిదప కలిసి నడచినచో ఒకరికొకరు పర్యవేక్షకులగుదురు. ధనముతో కొనలేని దానిలో కొంత స్నేహమే సమకూర్చును.