నాయన రిపోర్టు, సంగటి ముద్ద

పోయిన ఎండాకాలంలో మా నాయనకు రక్తపరీక్ష చేయించాం. పరగడుపున 100 మి.లీ. రక్తంలో 112 మిల్లీగ్రాముల గ్లూకోజు. "నాకు షుగరు వచ్చినట్టా, రానట్టా?" అన్నాడు. బి.ఎస్సీ. చదివే కొడుకును, వెంటనే జవాబు చెప్పలేకపోయాను.

126, ఆపైన వచ్చి, మరో పరీక్షలోనూ అట్లే తేలితే మధుమేహం. దానికి ముందుదశను అమెరికా డయాబెటిస్ సంఘం 100 నుంచి, ప్రపంచ ఆరోగ్య సంస్థ 110 నుంచి లెక్కిస్తాయి. ఏ లెక్కన చూసినా నాయన గట్టుమీద నిలబడినట్టే.

హెచ్‌బీఏ1సీ కూడా చేయించాం: 6.1. హిమోగ్లోబిన్‌లో చక్కెర అంటుకున్న భాగం ఎంత శాతమో ఇది చెబుతుంది. ఎర్రకణాలు సుమారు 120 రోజులు బతుకుతాయి గనుక, ముందురోజు పస్తుండి దీన్ని మోసం చేయలేం. 5.7 నుంచి 6.4 దాకా ముందుదశే. రక్తహీనత ఉంటే మాత్రం ఈ అంకె తప్పుదారి పట్టించవచ్చు.

"అన్నం మానేసి సంగటే తింటాలే" అన్నాడు నాయన. ఇక్కడే చాలామంది పొరపడతారు. సంగటిలో రాగిపిండితో బాటు బియ్యమూ ఉడుకుతుంది. మెత్తటి పిండి త్వరగానే చక్కెరగా మారుతుంది. సేద్యం రోజుల్లో తిన్న ముద్దనే, పనిలేని ఎండాకాలంలోనూ తింటే ఆ చక్కెర ఎక్కడికి పోవాలి?

ఇప్పుడు ముద్ద సగమైంది. ఉలవ గుగ్గిళ్లు, ఆకుకూర పప్పు పెరిగాయి. రాత్రికి కొర్రన్నం, అదీ కొలతగానే. సాయంత్రం చెరువుకట్ట దాకా నడక. చెన్నైలో డాక్టర్ రామచంద్రన్ బృందం 2006లో ప్రకటించిన అధ్యయనంలో, తిండి, నడక మార్చుకున్న ముందుదశవారిలో మధుమేహం ముప్పు 28.5 శాతం తగ్గింది.

ముద్ద చిన్నదైందని అమ్మ ఇంకా గొణుగుతూనే ఉంది. దసరా సెలవుల్లో మళ్లీ పరీక్ష.