జీతం ఒక క్యాలెండర్‌ది, ఖర్చు రెండు క్యాలెండర్లది

మన ఇళ్లలో అప్పు ఎప్పుడు పుడుతుందో గమనించారా? బియ్యం, పాలు, కూరగాయల దగ్గర సాధారణంగా పుట్టదు. నెలాఖరుకు కిరాణా ఖాతా కాస్త పెరుగుతుంది, జీతం రాగానే తీరిపోతుంది. పెద్ద అప్పు పుట్టేది రంజాన్ చివరి పది రోజుల్లో, బక్రీద్ ముందు, జూన్‌లో బడులు తెరిచినప్పుడు. ఈ మూడూ చెప్పాపెట్టకుండా వచ్చేవి కావు. ఒక రోజు అటూ ఇటూగా తేదీలతో సహా ముందే తెలుసు. అయినా ప్రతిసారీ "సడన్‌గా ఖర్చు వచ్చి పడింది" అనే అంటాం.

కారణం ఏమిటంటే, మనం లెక్క నెలకు వేస్తాం. ఖర్చు మాత్రం ఏడాదికి వస్తుంది. అది కూడా రెండు క్యాలెండర్ల ప్రకారం వస్తుంది. జీతం ఇంగ్లిష్ నెలల మీద నడుస్తుంది, పండుగలు చంద్రుడి మీద నడుస్తాయి. చాంద్రమాన సంవత్సరం దాదాపు 354 రోజులే కాబట్టి ఈద్ ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. 2024లో మన దగ్గర ఈదుల్ ఫిత్ర్ ఏప్రిల్ 11న వచ్చింది, 2025లో మార్చి 31న. ఒకటో తారీఖు జీతం తీసుకునే మనిషికి ఆ రెండు ఈద్‌ల మధ్య చేతికొచ్చిన జీతాలు 12 కాదు, 11. పైగా ఆ ఈద్ సరిగ్గా నెలాఖరు రోజున పడింది, జేబు ఖాళీగా ఉండే రోజు అది. (2030లో అయితే జనవరిలో ఒక రంజాన్, డిసెంబర్ చివర్లో ఇంకో రంజాన్ మొదలవుతాయి. అప్పటికి తయారుగా ఉండండి!)

ఇప్పుడు ఒక ఇల్లు అనుకుందాం. ఐదుగురు మనుషులు, నెలకు 22,000 ఆదాయం. బడికి వెళ్లే పిల్లలు ఇద్దరు, ఫీజులో మొదటి వాయిదా, పుస్తకాలు, యూనిఫారం కలిపి 16,000. రంజాన్ సామాన్లు, ఈద్ బట్టలు 12,000. బక్రీద్‌కు 8,000. చుట్టాల పెళ్లిళ్లకు 6,000. డాక్టరు, మందులకు ఇంకో 6,000. మొత్తం 48,000. మీ ఇంట్లో అంకెలు వేరుగా ఉంటాయి, పెన్ను తీసుకుని మీవి వేసుకోండి. దీన్ని 12తో భాగిస్తే నెలకు 4,000. రెండు పండుగల డబ్బును మాత్రం 11తో భాగించాలి, అప్పుడు ఇంకో నూటయాభై కలుస్తుంది. అంటే ఈ ఇంటి నెల జీతం 22,000 కాదు, 17,850. మిగతా 4,150 మన చేతిలో ఉన్నట్టు కనిపిస్తుంది కానీ మనది కాదు, ముందే ఖర్చయిపోయింది.

తేదీలు కూడా చూడండి. 2025లో ఈద్ మార్చి 31, బక్రీద్ జూన్ 7, తెలంగాణలో బడులు తెరిచింది జూన్ 12. 48,000లో 36,000, అంటే ముప్పావు భాగం, డెబ్బై నాలుగు రోజుల్లోపే అడిగింది. అలాంటప్పుడే గల్లీలో డైలీ ఫైనాన్స్ వాళ్లు గుర్తొస్తారు. కొన్ని చోట్ల గిరిగిరి అంటారు.

వాళ్ల లెక్క వినడానికి బాగుంటుంది. పది వేలు రాసుకుంటారు, వెయ్యి ముందే పట్టుకుని 9,000 చేతికిస్తారు. రోజుకు 100 చొప్పున 100 రోజులు కడితే సరి. "వెయ్యే కదా పోయేది" అనిపిస్తుంది. కానీ ఆ 9,000 వంద రోజులూ మన దగ్గర ఉండదు, రెండో రోజు నుంచే తిరిగి పోతూ ఉంటుంది. సగటున మన చేతిలో ఉన్నది నాలుగున్నర వేలే. దాని మీద మూడు నెలల పది రోజులకు వెయ్యి రూపాయలంటే వందకు నెలకు ఆరు రూపాయలు దాటిన వడ్డీ, ఏడాదికి 75 శాతం పైనే. రెండు రూపాయల వడ్డీకి కూడా ముఖం చిట్లించే మనం ఇది వడ్డీ కాదు, "కటింగ్" అనుకుని తీసుకుంటాం. పేరు మారినంత మాత్రాన లెక్క మారదు.

దీనికి బదులు మన ఆడవాళ్ల చేతిలో ఎప్పటి నుంచో ఉన్నది బీసీ. పన్నెండు మంది, నెలకు 2,000, ప్రతి నెలా ఒకరికి 24,000. పాట లేకుండా పర్చీ మీద నడిచే బీసీలో ఎవరూ నష్టపోరు, ఎంత కట్టారో అంతే తీసుకుంటారు. చాలామంది నంబరు ఎప్పుడొస్తే అప్పుడు తీసుకుని, దాంతో ఫ్రిజ్‌యో ఫోనో కొంటారు. అలా కాకుండా మొదట్లోనే "బాజీ, నాకు మే నెల ఇవ్వండి" అని అడిగి పెట్టుకోండి. పై లెక్కలో బక్రీద్, బడి కలిపితే సరిగ్గా 24,000. ఈద్ డబ్బు మాత్రం విడిగా, రోజూ వాడని ఖాతాలో పెట్టాలి. ఇంటి బీసీకి రిజిస్ట్రేషన్ ఉండదు, ఎవరైనా ఎగ్గొడితే వసూలు చేసుకోవడం కష్టం. అందుకే ముఖం తెలిసిన వాళ్లే ఉండాలి, కట్టిన ప్రతిసారీ నోట్‌బుక్‌లో సంతకం ఉండాలి. మొదటి నెలల్లో డబ్బు ఎత్తుకునే వాళ్లు ఎవరో ముందే అందరికీ తెలియాలి.

సరే, ఆ 4,150 ఎక్కడి నుంచి తేవాలి? టీ మానేయండి, బిర్యానీ తగ్గించండి అనే సలహాలు నాకు నచ్చవు. వాటితో వచ్చేది చిల్లర. పెద్ద అంకెలు వేరే చోట ఉన్నాయి. తెలంగాణలో 2025 ఏప్రిల్ నుంచి రేషన్‌లో సన్న బియ్యం మనిషికి 6 కిలోలు ఉచితం, ఐదుగురికి 30 కిలోలు. "రేషన్ బియ్యం ఎవరు తింటారు" అని ఇంకా అమ్మేసేవాళ్లు ఒకసారి వండి చూడాలి. తెల్ల కార్డు ఉన్న ఇళ్లకు 200 యూనిట్ల వరకు కరెంటు బిల్లు సున్నా, కానీ 201 అయితే మొత్తం యూనిట్లకూ కట్టాల్సిందే. ఎండాకాలంలో కూలర్ పెట్టే ఇళ్లు ఇరవయ్యో రోజున మీటర్ చూసుకుంటే మిగతా పది రోజులు జాగ్రత్త పడొచ్చు. ఇక కిరాణాలో చిన్న ప్యాకెట్లు. షాంపూ ప్యాకెట్ చాలాసార్లు సీసా కంటే చవకే, దాని జోలికి పోకండి. నూనె, పప్పు, టీ పొడి మాత్రం కిలో లెక్కన ధర చూసి తీసుకోండి.

ఇంత చేసినా కొన్ని ఇళ్లలో సరిపోదు, అద్దెకే సగం పోతే ఎంత లెక్క వేసినా మిగలదు. అక్కడ తగ్గించాల్సింది 48,000 లోపలే. స్థోమత లేని వాళ్ల మీద ఖుర్బానీ బాధ్యత లేదని ఆలిములు ఏటా చెప్తూనే ఉంటారు. ఈద్ బట్టలు షాబాన్‌లోనే కొంటే ఆఖరి వారం రద్దీ ధరలు తప్పుతాయి. బడి వాళ్లను ఫీజు మూడు వాయిదాల్లో కడతామని మే నెలలోనే అడగాలి, జూన్ 12న క్యూలో నిలబడి కాదు.