బూరుగు దూది నుండి బొగ్గుపులుసు వాయువు దాకా: బోస్టన్ రేవులో పడవలు, ప్రాణరక్షణ

మే నెల మధ్యలో ఒక శనివారం. బోస్టన్‌లో ఎండ చక్కగా కాస్తున్నది. గాలి ఉష్ణోగ్రత 80 డిగ్రీల ఫారెన్‌హైట్. ఆరు నెలల చలికాలం తరువాత ఇటువంటి రోజు వచ్చినప్పుడు ఇంట్లో కూర్చోవటం ఎవరికీ సాధ్యం కాదు. మా తెలుగు మిత్రులలో ఒకరికి తెరచాప పడవ ఉన్నది. రేవులో లంగరు వేసిన ఆ పడవ దగ్గరకు చిన్న రబ్బరు పడవలో నలుగురం బయలుదేరాము. లైఫ్ జాకెట్లు లేకపోలేదు. పులిహోర డబ్బాల క్రింద, పెద్ద సంచీలో, శుభ్రంగా మడిచి ఉన్నాయి.

రబ్బరు పడవ నుండి పెద్ద పడవలోకి అడుగు వేస్తున్నప్పుడు మాలో ఒకాయన కాలు జారి నీటిలో పడ్డారు. బెజవాడలో పుట్టి, చిన్నప్పుడు కృష్ణ కాలువలను అడ్డంగా ఈదినవాడు. పడవ అంచుకు ఆయనకు మధ్య దూరం నాలుగడుగులు మించి లేదు. మేము నవ్వాము కూడా. నవ్వు ఆగిపోవటానికి రెండు మూడు సెకనులు పట్టింది. ఆయన ఈదటం లేదు. నోరు తెరచి గుటకలు వేస్తున్నారు, మాట రావటం లేదు, చేతులు నీటిని ఊరికే కొడుతున్నాయి. పడవ యజమాని తేలే దిండు ఒకటి విసిరి, తాడు అందించి, ఇద్దరి సాయంతో పైకి లాగేసరికి నాలుగైదు నిమిషాలు గడిచాయి. ఆ రోజు నీటి ఉష్ణోగ్రత 51 డిగ్రీల ఫారెన్‌హైట్, అంటే సెల్సియస్‌లో సుమారు 11.

తరువాత ఆయన నాతో అన్న మాట ఇది: “నాకు ఈత రాకపోవటం కాదండీ, ఊపిరి నా మాట వినలేదు.” వృత్తిరీత్యా రసాయన శాస్త్రజ్ఞుడిని గనుక ఆ మాట నన్ను చాలా రోజులు వదలలేదు. ఈ వ్యాసం అందులోంచి పుట్టినదే.

మనలో చాలామంది నీటిని మన ఊరి నీటితో కొలుస్తాము. మే నెలలో విశాఖ దగ్గర బంగాళాఖాతం నీరు 28, 29 డిగ్రీల సెల్సియస్ ఉంటుంది. బోస్టన్ రేవులో అదే నెలలో అందులో సగానికి చేరటం కూడా కష్టమే. గాలి త్వరగా వేడెక్కుతుంది, సముద్రం నిదానంగా వేడెక్కుతుంది. నీటి విశిష్టోష్ణం అంత ఎక్కువ. అందువలన వసంత ఋతువులో గాలికీ నీటికీ మధ్య ఉండే ఈ తేడాయే మనలను మోసగిస్తుంది. పైగా నీటి ఉష్ణవాహకత గాలి ఉష్ణవాహకతకు దాదాపు 25 రెట్లు. 11 డిగ్రీల గాలిలో స్వెట్టరు వేసుకుని గంటసేపు నడవగలము. 11 డిగ్రీల నీటి లెక్క వేరు.

చల్లని నీటిలో పడినవారు చలికి శరీరం గడ్డకట్టి పోతారని సామాన్యుల నమ్మకం. అది నిజం కాదు. చాలామంది విషయంలో అంత వ్యవధి కూడా ఉండదు. ఇంగ్లండులోని పోర్ట్స్‌మత్ విశ్వవిద్యాలయంలో మైకేల్ టిప్టన్, కెనడాలోని మానిటోబా విశ్వవిద్యాలయంలో గోర్డన్ గీస్‌బ్రెక్ట్ ఈ విషయంపై ఎన్నో ఏళ్ళుగా పరిశోధనలు చేశారు. చర్మం హఠాత్తుగా చల్లబడినప్పుడు మనిషి తనకు తెలియకుండానే గట్టిగా ఊపిరి పీలుస్తాడు. ఆ క్షణంలో ముఖం నీటిలో ఉంటే పీల్చేది నీటినే. తరువాత ఆపుకోలేని వగర్పు, గుండె వేగం, రక్తపు పోటు పెరుగుదల. ఇది సుమారు ఒక నిమిషంలో తగ్గుముఖం పడుతుంది. ఆ పైన పది నిమిషాల వరకు చేతులు, వ్రేళ్ళు మన ఆధీనంలో ఉంటాయి. క్రమంగా నరాలు, కండరాలు చల్లబడి తాడు పట్టుకునే శక్తి కూడా పోతుంది. శరీరం లోపలి ఉష్ణోగ్రత పడిపోయి స్పృహ తప్పటానికి ఇంచుమించు ఒక గంట పడుతుంది. ఒకటి, పది, ఒకటి అని గీస్‌బ్రెక్ట్ దీనిని జ్ఞాపకం పెట్టుకోవటానికి వీలుగా చెప్పారు. అంకెలు మనిషిని బట్టి, నీటిని బట్టి మారుతాయి, వరుస మాత్రం మారదు.

మా మిత్రుడు మొదటి నిమిషంలో చిక్కుకున్నారు. ఆ నిమిషంలో ఈదబోవటమే పొరపాటు. వెల్లకిలా తిరిగి, ముఖం పైకి పెట్టి, ఊపిరి స్వాధీనంలోకి వచ్చేదాకా తేలి ఉండటమే చేయవలసిన పని. అయితే ఆ స్థితిలో ఎవరికి గుర్తుంటుంది? అందుకే ఆ పని మన తరఫున చేయటానికి ఒక వస్తువు ఒంటిమీద ముందే ఉండాలి.

తేలటానికి ఎంత సాయం కావాలి? మానవ శరీరపు సాంద్రత నీటి సాంద్రతకు అతి దగ్గర. నిండుగా ఊపిరి పీల్చితే కొద్దిగా తక్కువ, వదిలితే కొద్దిగా ఎక్కువ. శరీరం మునిగి ఉండగా తల మాత్రం పైకి నిలపటానికి పెద్దవారికి సాధారణంగా మూడు నుండి అయిదున్నర కిలోల ఎత్తుడు బలం చాలు. అమెరికాలో పడవలవారు ఎక్కువగా వేసుకునే నురగ జాకెట్టు 15.5 పౌండ్లు, అంటే ఏడు కిలోలు ఇస్తుంది. డెబ్బై కిలోల మనిషిని ఏడు కిలోలు కాపాడుతుందా అని అడిగేవారికి ఆర్కిమిడీస్ ఎప్పుడో జవాబు చెప్పాడు.

ఈ ఏడు కిలోలు ఎక్కడినుండి వస్తాయన్న కథ నాకు చాలా ఇష్టం. పందొమ్మిదవ శతాబ్దం మధ్యలో బ్రిటిష్ ప్రాణరక్షక నావలవారు బెండు ముక్కలను గుడ్డకు కుట్టి తొడుక్కునేవారు. బెండు బరువు, బిరుసు, పాతబడితే పొడి అయిపోతుంది. 1904 జూన్ 15న న్యూయార్కులో జనరల్ స్లోకమ్ అనే ఆవిరి పడవ తగలబడి వెయ్యిమందికి పైగా మరణించారు; అందులో ఎక్కువమంది విహారానికి వచ్చిన స్త్రీలు, పిల్లలు. తల్లులు పిల్లలకు కట్టిన జాకెట్లు పదమూడేళ్ళ నాటివి, లోపల బెండు చివికి పొడియై ఉన్నది. ఆ ఏడాదే తరువాత జరిపిన తనిఖీలలో, కొత్త జాకెట్ల బెండు దిమ్మలలో చట్టం కోరిన తూకం సరిపెట్టటానికి ఇనుప కడ్డీలు దూర్చిన వైనం కూడా బయటపడింది. తేలవలసిన వస్తువును తూకంతో పరీక్షించమన్న చట్టం కూడా ఆ నేరంలో భాగస్వామియే అని నా అభిప్రాయం.

బెండు తరువాత వచ్చింది మనకు చిన్ననాటి నుండి పరిచయమైన పదార్థం: బూరుగు దూది. జావా ద్వీపం నుండి ఎగుమతి అయిన తెల్లబూరుగు దూదిని పలు నౌకాదళాలు జాకెట్లలో కూరాయి. పత్తి దూదిని నీటిలో వేస్తే తడిసి మునుగుతుంది. బూరుగు దూది మునగదు. దాని పోగు లోపల బోలుగా, పలుచని గోడతో, సన్నని గొట్టంలా ఉంటుంది. పైన సహజమైన మైనపు పూత. నీరు మైనాన్ని తడపలేదు, కనుక గొట్టంలోని గాలి గాలిగానే ఉండిపోతుంది. తన బరువుకు ఇరవై ముప్ఫై రెట్లు మోయగలదు. మన అమ్మమ్మలు తలగడలలో కూరిన దూదిలో ఇంత విద్య ఉన్నది. దాని లోపమూ ఆ మైనంలోనే ఉన్నది. నూనె, పెట్రోలు మైనంతో కలుస్తాయి. మునిగిపోతున్న ఓడ చుట్టూ తేలే నూనెలో తడిసిన బూరుగు జాకెట్టు బలం కోల్పోతుంది, నిప్పు తగిలితే అంటుకుంటుంది.

రెండవ ప్రపంచ యుద్ధంలో జావా జపాను వశమైనప్పుడు అమెరికాకు ఈ దూది ఆగిపోయింది. అప్పుడు, 1944లో, అమెరికా పిల్లలు పొలాల గట్లవెంట తిరిగి మిల్క్‌వీడ్ అనే మొక్క కాయలను సంచులకెత్తారు. అది మన జిల్లేడుకు దాయాది. కాయ పగిలితే అవే తెల్లని పట్టు పోగులు. రెండు సంచుల కాయలు ఒక జాకెట్టుకు సరిపోతాయని లెక్క.

నేటి జాకెట్లలో ఉండేది ప్లాస్టిక్ నురగ, ముఖ్యంగా పాలిఎథిలీన్. అందులోని లక్షలాది గాలి గదులు ఒకదానితో ఒకటి కలియవు, కనుక ఒకచోట చిరిగినా మిగతావి పనిచేస్తాయి. అయితే జాకెట్టును ఆసనంగా వాడితే గదులు నలిగి ఎత్తుడు బలం తగ్గుతుంది. ఎండలోని అతినీలలోహిత కిరణాలు పై గుడ్డను చివికిస్తాయి. రంగు వెలిసిన జాకెట్టును వ్రేలితో గట్టిగా లాగి చూడండి. చిరిగితే దాని ఆయువు తీరినట్లే.

వేసవిలో నురగ జాకెట్టు ఉక్కపోస్తుందని విసుక్కునేవారికి గాలితో ఉబ్బే జాకెట్టు ఉన్నది. మెడలో కండువాలా వ్రేలాడుతుంది. అందులో చిన్న ఉక్కు సీసాలో 33 గ్రాముల బొగ్గుపులుసు వాయువు ఉంటుంది. అణుభారం 44 కనుక అది ముప్పావు మోల్. పది డిగ్రీల దగ్గర, మామూలు వాతావరణ పీడనంలో పదిహేడు లీటర్లకు పైగా వ్యాపిస్తుంది. ఉబ్బిన సంచీలో పీడనం కొంచెం హెచ్చు గనుక కొంత తగ్గినా, పదిహేను కిలోల ఎత్తుడు బలం నిలుస్తుంది. నురగ జాకెట్టుకు రెట్టింపు! మామూలు గాలికి బదులు ఈ వాయువే ఎందుకు? గది ఉష్ణోగ్రతలో సుమారు 57 వాతావరణాల పీడనానికే ఇది ద్రవమైపోతుంది. అందుచేత బొటనవ్రేలికన్న కాస్త పెద్దదైన సీసాలో అంత సరకు పడుతుంది. 31 డిగ్రీల సెల్సియస్ దాటితే ఇక ద్రవరూపమే ఉండదు, పీడనం వేగంగా పెరుగుతుంది. ఎండలో నిలిపిన కారులో ఈ జాకెట్టును వదలవద్దనటానికి కారణం ఇదే. చలిలో దీనికి విరుద్ధంగా పీడనం తగ్గి ఉబ్బటం కొంత నెమ్మదిస్తుంది. ఇంకొక సంగతి: ఈ వాయువు ప్లాస్టిక్ పొరలగుండా గాలికన్న తేలికగా బయటికి పోతుంది. ఎక్కువసేపు నీటిలో ఉండవలసి వస్తే భుజం దగ్గరి గొట్టంలో నోటితో ఊదుతూ ఉండాలి.

తనంతట తానే ఉబ్బే రకాలలో ఒకదానిలో నీటికి కరిగే చిన్న బిళ్ళ ఉంటుంది. అది కరగగానే స్ప్రింగు వదులై సూది సీసా మూతను పొడుస్తుంది. తేమకు ఆ బిళ్ళ మెత్తబడుతుంది గనుక దానిమీది తేదీ చూసి మార్చాలి. ఈత రానివారికి, పిల్లలకు ఈ జాకెట్లు తగవు. వారికి నురగే మేలు. యంత్రమన్నది ఏదైనా పనిచేయకపోవచ్చు, నురగ పనిచేయకపోవటమన్నది ఉండదు.

అమెరికా కోస్ట్ గార్డు లెక్కల ప్రకారం 2023లో విహార పడవల ప్రమాదాలలో 564 మంది మరణించారు. మరణకారణం తెలిసినవారిలో నూటికి 75 మంది నీట మునిగినవారు. ఆ మునిగినవారిలో నూటికి 87 మంది ఒంటిమీద జాకెట్టు లేదు. పడవలో ఉన్నదా లేదా అన్నది ఈ లెక్కలో ప్రశ్న కాదు. మసాచుసెట్స్ చట్టం పన్నెండేళ్ళలోపు పిల్లలు, సెప్టెంబరు 15 నుండి మే 15 వరకు కయాక్, కానూలలో వెళ్ళే ప్రతివారూ జాకెట్టు తొడుక్కొని తీరాలని చెప్తున్నది. పెద్ద పడవలలోని పెద్దవారికి అటువంటి నిర్బంధం లేదు. అయినా పులిహోర డబ్బాల క్రింద పెట్టుకోవటం చట్టసమ్మతం కాదు, వెంటనే చేతికందేలా ఉండాలి.

ఇంజను గల పడవలకు మరి రెండు ప్రమాదాలున్నాయి. పెట్రోలు ఆవిరి గాలికన్న మూడు నాలుగు రెట్లు బరువు. కారులో అది క్రిందికి జారి పోతుంది, పడవలో పోవటానికి దారి లేక అడుగున చేరుతుంది. గాలిలో నూటికి ఒకటిన్నర పాళ్ళు చేరితే ఒక్క నిప్పురవ్వ చాలు. పెట్రోలు పోసుకున్న తరువాత ఫ్యాను నాలుగు నిమిషాలు నడిపి, వాసన చూసి, ఆ పిమ్మట ఇంజను తిప్పాలి. రెండవది కార్బన్ మోనాక్సైడ్. రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ప్రాణవాయువుకన్న రెండు వందల రెట్లకు మించి గట్టిగా పట్టుకుంటుంది. పడవ ముందుకు సాగేటప్పుడు వెనుక గాలి సుడి తిరిగి పొగను లోపలికే లాగుతుంది. తలనొప్పి, వికారం మొదలైతే మనవాళ్ళు సముద్రం పడలేదనుకుని పిల్లలను క్రింది గదిలో పడుకోబెడతారు. చేయవలసింది దానికి సరిగ్గా వ్యతిరేకం: పైకి, గాలిలోకి తీసుకురావాలి.

సహాయం కోరే ఎర్రని ఫ్లేర్ల వెలుగు స్ట్రాన్షియం లవణాలది. దీపావళి ఎర్ర మతాబులోనిదీ అదే మూలకం. వాటి గడువు తయారీ నుండి 42 నెలలు. ఆ తరువాత లెక్కకు రావు. వాటిని చెత్తలో పారవేయకండి. అందులోని పెర్‌క్లోరేటు నీటిలో తేలికగా కరిగి బావులకు చేరుతుంది. దీనికి త్రాగునీటిలో పరిమితి విధించిన మొదటి రాష్ట్రం మసాచుసెట్సే, 2006లో.

బోస్టన్ రేవులో ఆటుపోట్ల తేడా సగటున తొమ్మిదిన్నర అడుగులు. ఉదయం పడవ తేలిన చోట సాయంత్రం బురద ఉండవచ్చు. రేవులోకి తిరిగి వచ్చేటప్పుడు ఎర్ర గుర్తులు కుడి ప్రక్కన ఉండాలి. పెద్ద ఓడలకు లోతైన సన్నని దారి ఒక్కటే. తెరచాప పడవకే మొదటి హక్కు అనే మాట అక్కడ చెల్లదు. నేర్చుకోవాలనుకునేవారికి చార్లెస్ నదిపై 1946లో స్థాపించిన కమ్యూనిటీ బోటింగ్ ఉన్నది. నదిలో నేర్చుకుని రేవులోకి రావటం మంచి క్రమం.

2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర పాపికొండల విహార పడవ బోల్తాపడినప్పుడు డెబ్బైమందికి పైగా ఉన్న ఆ పడవలోనుండి 26 మంది బ్రతికి బయటపడ్డారు. అది వెచ్చని నీరు, వరద నీరు. పైన చెప్పిన చలి లెక్క అక్కడ వర్తించదు, ఏడు కిలోల లెక్క వర్తిస్తుంది. సెలవులకు స్వదేశం వెళ్ళి పడవ ఎక్కేవారు పిల్లల జాకెట్లను పెట్టెలో వేసుకుని వెళ్ళవచ్చు, నురగవి బరువుండవు. ఉబ్బే జాకెట్లైతే సీసాల విషయంలో ముందు విమానం కంపెనీని అడగాలి.

మా మిత్రుడు మళ్ళీ పడవ ఎక్కుతున్నారు. ఏటా ఏప్రిల్‌లో వారి ఇంట్లో నలుగురం చేరి జాకెట్లను నోటితో ఊది, రాత్రంతా ఉంచి, తెల్లవారి బిగువు తగ్గిందేమో చూస్తాము. సీసాలను విప్పి వంటింటి త్రాసులో తూచి, వాటిమీద ముద్రించిన తూకంతో పోల్చుకుంటాము. గత ఏడాది ఒకటి ఆరు గ్రాములు తగ్గింది. పైకి చూస్తే కొత్తదానిలాగే ఉన్నది. అది ఆయన జాకెట్టుదే.