పోగులు ముగియు వేళ

హైదరాబాదు జూబిలీహిల్సు నందలి ఫిలింనగరులో స్క్రిప్టు అనగా చలనచిత్రపు కథయు, సంభాషణలును వ్రాసిన ప్రతి. కంప్యూటరుపై మాయాదృశ్యములు కూర్చువారికి మాత్రము స్క్రిప్టనగా వేరు. అది యంత్రమునకు వరుసగా వ్రాసి యిచ్చు ఆజ్ఞల పట్టిక. 2012లో విడుదలయిన 'ఈగ' చిత్రమున కథానాయకుడైన ఈగ ఇట్లు కంప్యూటరుపై రూపొందినదే.

చలనచిత్రమునకు సెకనుకు 24 బొమ్మలు, నిమిషమునకు 1,440 బొమ్మలు వలయును. వానిని ఒకదాని వెంట నొకటిగా సిద్ధపరచుటకు చాల కాలము పట్టును. కావున స్క్రిప్టు తన పనిని పెక్కు థ్రెడ్లకు, అనగా పోగులకు, పంచును. యంత్రము వివరములు దాచుకొను స్థలము మెమొరీ. పోగులన్నియు ఒకే మెమొరీని వాడుకొనును. వాని బలము నదియే, ప్రమాదము నదియే.

ఆ ప్రమాదమెట్టిదో స్టూడియోలో చూడుడు. దర్శకుడు "ప్యాకప్" అనును. తక్షణమే వడ్రంగులు సెట్టు విప్పుదురా? లైట్లవారు ఇంకను నిచ్చెనపైనే యుందురు. వారు దిగక మునుపే ఆధారములు లాగివేసిన క్రింద పడుదురు. అట్లే ఒక పోగు పనిచేయుచుండగానే ప్రధాన పోగు మెమొరీని విడిచిపెట్టినచో, ఆ పోగు తనది కాని చోట వ్రాయును. స్క్రిప్టు కుప్పకూలును, రాత్రంతయు చేసిన పని వ్యర్థమగును.

పోగును నడుమ బలవంతముగా ఆపుటయు తగదు. అది మార్చుచున్న వివరములు సగములో నిలిచిపోవును. అందుచేతనే జావా భాషలో అట్టి ఆజ్ఞను వాడవలదని 1998లోనే హెచ్చరించిరి. పైథాన్ భాషలో పోగుల నట్లు ఆపు ఆజ్ఞయే లేదు.

ఈ దోషము దొంగ వంటిది. ఒకనాడు కనబడును, మరునాడు కనబడదు. ఏలయన, ఏ పోగు ముందు ముగియునో నిశ్చయము లేదు. దీనిని పట్టుటకు మొదట ఒక్క పోగుతోనే స్క్రిప్టును నడుపవలెను. అప్పుడు దోషము కనబడనిచో, పోగులు మెమొరీని పంచుకొను తీరునే అనుమానింపవలెను. పిమ్మట ప్రతి పోగు మొదలయిన వేళను, ముగిసిన వేళను యంత్రముచేతనే వ్రాయింపవలెను. ముగియక మిగిలిన పోగు ఆ పట్టికలో దొరకును.

నివారణకు మెట్లు మూడు. పని చాలింపుమని పోగులకు సంకేతమిచ్చుట మొదటిది. ప్రతి పోగును పని చక్కబెట్టుకొని వచ్చువరకు వేచియుండుట రెండవది. దీనిని 'జాయిన్' అందురు. అటుపిమ్మటనే మెమొరీని విడుచుట మూడవది. సంకేతమిచ్చి, వేచియుండుట మరచుటయే తరచుగా జరుగు పొరపాటు.

బాలలారా! పని మొదలుపెట్టుటకు ఎంత శ్రద్ధ వలయునో, ముగించుటకును అంతే వలయును. "ప్యాకప్" అనుట సులభము. చివరి మనిషి నిచ్చెన దిగువరకు నిలుచువాడే మంచి నిర్వాహకుడు.