వేసవిలో పాత పుట్టిని ఇంటివద్ద బాగుచేసికొనుట

చెరువులలో నీరు అడుగంటిన పిమ్మట మన నంద్యాల, ఆళ్ళగడ్డ ప్రాంతములలో చేపలు పట్టువారి యిండ్లవద్ద పాత పుట్టి యొకటి, వేపచెట్టు క్రిందనో పశువులపాక గోడకు ఆనియో, బోర్లించి యుండును. దానిపై కోళ్లు పండుకొనును; పిల్లలు ఎక్కి త్రొక్కుదురు. మృగశిర కార్తెలో వానలు పడి నీరు చేరగానే యజమానికి అది జ్ఞప్తికి వచ్చును. అప్పుడు పగుళ్లపై నాలుగుచోట్ల తారు పూసి నీటిలోనికి దించును. ఈ నాలుగుచోట్ల తారును గూర్చియే మా భయము.

కొన్ని సంవత్సరముల క్రిందట ఆళ్ళగడ్డకు సమీపమున ఒక చెరువులో చేపపిల్లలను విడుచుటకై మేము ముగ్గురము అట్టి పుట్టి నెక్కితిమి. ముందటి సాయంకాలము దానికి తారు పూయుమని తొందరపెట్టిన వారము మేమే. గుడ్డ యింకను తడిగా నున్నదని పుట్టివాడు చెప్పినను వినలేదు. నడిచెరువునకు పోవువేళకు ఆ అతుకు రొట్టెవలె ఊడివచ్చినది. ఒకరు చెంబుతో, ఒకరు తలగుడ్డతో నీరు తోడుచుండగా పుట్టివాడు తెడ్డు వేసి ఎట్లో ఒడ్డు చేర్చెను. మాకు ఈత రాదు. నాడు నేర్చుకొన్న దానినే యిక్కడ వ్రాయుచున్నాము.

పుట్టి మనకు క్రొత్త సాధనము కాదు. 1520 ప్రాంతమున విజయనగరమును చూచిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్, అచ్చటి జనులు బుట్టవలె గుండ్రముగా నుండి తోలు కప్పిన పడవలలో నది దాటుచుండిరనియు, ఒక్కొక్కదానిలో పదునైదు ఇరువదిమంది పట్టుదురనియు వ్రాసియున్నాడు. ఇరాకు దేశమున టైగ్రీసు నదిపై ఇట్టి బుట్టపడవలకే భూమినుండి ఊరు సహజమైన కీలును పూయుచుండిరి. నేడు మనవారు తోలునకు బదులు పట్టాగుడ్డను, ప్లాస్టిక్ సంచులను కప్పి తారు పూయుచున్నారు. కప్పు మారినను లోపలి వెదురు బుట్ట మారలేదు. పుట్టి బలమంతయు ఆ బుట్టయందే యున్నది. తారు నీటిని ఆపును గాని బరువును మోయదు. విరిగిన బద్ద మీద ఎంత తారు పూసినను, కాలు మోపినప్పుడెల్ల అచ్చట కప్పు వంగి తారు మరల పగులును.

కావున మొదట పరీక్ష. మిట్టమధ్యాహ్నము ఇద్దరు మనుష్యులు పుట్టిని తలక్రిందులుగా ఎత్తి పట్టుకొనగా, మూడవవాడు దాని క్రింద దూరి చూడవలెను. లోపల చీకటిగా నుండును గనుక సూదిబెజ్జమంత రంధ్రమైనను నక్షత్రమువలె మెరయును. వెంటనే అచ్చట సుద్దతో గుర్తు పెట్టవలెను. ఈ పని పది నిమిషములకు మించదు. మించరాదు కూడ, మన యెండ అట్టిది. నీరు పోసి పరీక్షింప దలచువారు రెండు మూడు బిందెలకంటె ఎక్కువ పోయరాదు. ఆరడుగుల పుట్టిలో రెండంగుళముల నీరు నిలిచినచో దాని బరువు 120 కిలోలు దాటును. నేలమీద అంత బరువుతో పుట్టిని కదలించినచో మంచి బద్దలు కూడ విరుగును.

తరువాత బద్దలను ఒక్కొక్కటిగా బొటనవ్రేలితో నొక్కి చూడవలెను. తెల్లని పొడి రాలినచో పురుగు తొలిచినదని యర్థము. అట్టి బద్దను తీసివేయక తప్పదు. క్రొత్తబద్దకు మూడేండ్లు నిండిన గట్టి వెదురు కావలెను; లేతవెదురునకు పురుగు త్వరగా పట్టును. కొట్టిన బొంగులను కొన్నివారములు నీటిలో నానవేసినచో అందలి పిండిపదార్థము కరగిపోయి పురుగు భయము తగ్గును. ఆ పిమ్మట నీడలోనే ఆరవేయవలెను. రోహిణి కార్తె యెండలో పెట్టిన వెదురు నిలువునా చీలుట మేము చాలమారులు చూచితిమి. అల్లుటకు ముందురాత్రి బద్దలను మరల తడిపినచో విరుగక వంగును. క్రొత్తబద్ద విరిగిన తావునకు ఇరుప్రక్కల జానెడు చొప్పున మంచి అల్లికలోనికి పోవలెను. ఇది చేతకానివారు మేదరి పనివానిని పిలుచుట మేలు. ఒకపూట కూలికి వెనుదీయువారు వలకు మాత్రము వేలు ఖర్చుపెట్టుదురు!

అల్లిక ముగిసిన పిమ్మట, తారు పూయుటకు ముందు, కప్పు పూర్తిగా ఆరవలెను. ఇందుకు మన వేసవియే గొప్ప సహాయము. రెండుదినములు గాలిలో నుంచిన చాలును. తడిమీద పూసిన వేడితారు క్రింద నీరు ఆవిరియై పొక్కులు లేచును. ఆ పొక్కులే పిదప ఊడును. మాకు జరిగినది ఇదియే.

తారు కాచుటలో అపాయమున్నది. డబ్బాలో నీటిచుక్క యున్నను తారు నురగెత్తి పొంగి మంటలో పడును. సగముకంటె ఎక్కువ నింపరాదు. పలుచన చేయుటకై పొయ్యిమీద నుండగా కిరసనాయిలు ఎన్నడును పోయరాదు. పాకకు, గడ్డివామికి దూరముగా, తెల్లవారుజామున గాలి లేనప్పుడు ఈ పని చేయవలెను. ఎండ ముదిరిన తరువాత పొయ్యివద్ద నిలుచువానికి వడదెబ్బ తప్పదు. చేతిమీద తారు పడినచో చల్లని నీటిని ఇరువది నిమిషములు ధారగా పోయవలెను. అంటుకొన్న తారును పెరికినచో చర్మము కూడ వచ్చును, దానిని వైద్యుడే తీయవలెను. మరుగుచున్న తారు ప్లాస్టిక్ సంచిని ముడుచుకొనునట్లు చేసి కరగించును. కావున కొంత చల్లార్చి, ముందు ఒక చినిగిన ముక్కపై పూసి చూచి, పిదప పుట్టికి పూయవలెను. దళసరిగా ఒకమారు పూయుటకంటె పలుచగా రెండుమారులు పూయుట మంచిది.

పూసిన పుట్టిని ఎండలో విడువరాదు. సామాన్యముగా రోడ్లకు వాడు తారు 50 డిగ్రీల వేడికే మెత్తబడును. మన యెండలో నల్లని వస్తువు అంతకుమించి కాలును. తారు జారి అంచులవద్ద చేరి, అడుగు పలుచనగును. నీడలో బోర్లించి యుంచవలెను.

ఇక బరువు. ఆరడుగుల పుట్టి ఒక్కొక్క అంగుళము మునిగినకొలది సుమారు 65 కిలోలు మోయును, అనగా ఇంచుమించు ఒక మనుష్యుని. మునుగు ప్రతి అంగుళమును అంచున తగ్గునదే. తడిసిన వలయు, చేపలబుట్టలును మనుష్యులవంటివే యని లెక్కింపవలెను. మూతబిగించిన ఖాళీడబ్బాలు రెండు త్రాటితో కట్టి పుట్టిలో నుంచుటకు ఖర్చులేదు. ఈత రానివారు వాటిని వదలరాదు.

నీరు చేరిన దినముననే ఎక్కవలదు. మొదట మోకాటిలోతు నీటిలో, మనుష్యులకు మారుగా నాలుగు ఇసుకసంచులు వేసి, త్రాటితో ఒడ్డున కట్టి రాత్రియంతయు విడువవలెను. తెల్లవారి సంచుల క్రింద చేయి పెట్టి చూడవలెను. తడి తగిలినచో పుట్టిని మరల చెట్టు క్రిందికి తేవలెను.