కాన్వాయ్‌ని ఆపేసే రబ్బరు పొర

యుద్ధ సన్నద్ధత అనగానే మన చర్చంతా రఫేల్ విమానాలు, బ్రహ్మోస్ క్షిపణుల చుట్టూ తిరుగుతుంది. తూర్పు లద్దాఖ్‌లో పహారా కాసే జవానుకు అందే బియ్యం, కిరోసిన్, మందులు, తూటాల్లో అత్యధిక భాగం మాత్రం డీజిల్ ట్రక్కుల మీదే కొండెక్కుతుంది. ఆ ట్రక్కు ఆగిపోవడానికి ఇంజిన్ బద్దలవ్వాల్సిన పనిలేదు. క్రాంక్‌షాఫ్ట్ ముందు కొసన ఉండే డ్యాంపర్‌లో, వేలెడు మందమైనా లేని ఒక రబ్బరు పొర పట్టు వదిలితే చాలు.

సైన్యంలోని ఈఎంఈ విభాగంలో వాహన మెకానిక్‌గా పాతికేళ్లకు పైగా పనిచేసి పదవీ విరమణ చేశాను. 1943 అక్టోబరు 15న ఏర్పడిన ఈ విభాగం నినాదం ‘కరమ్ హీ ధరమ్’. నాకు పని నేర్పింది సికింద్రాబాద్ అయితే, ఆ పని విలువ నేర్పింది లద్దాఖ్. అందుకే ఎవరూ పెద్దగా పట్టించుకోని ఈ డ్యాంపర్ గురించి నాలుగు మాటలు చెప్పాలనిపించింది.

వణుకును మింగే చక్రం

ఆరు సిలిండర్ల ఫోర్ స్ట్రోక్ డీజిల్ ఇంజిన్‌లో క్రాంక్‌షాఫ్ట్ ఒక్కసారి తిరిగేలోగా మూడు సిలిండర్లు పేలుతాయి. నిమిషానికి 2,000 చుట్లు తిరుగుతుంటే సెకనుకు 100 దెబ్బలు. ప్రతి దెబ్బకూ ఆ ఉక్కు కడ్డీ కంటికి కనిపించనంత మెలితిరిగి, మళ్లీ యథాస్థితికి వస్తుంది. ఊయలను సరైన క్షణంలో తోస్తే ఊపు పెరుగుతూ పోయినట్టే, కొన్ని వేగాల వద్ద ఈ మెలిక పెరుగుతుంది. అదుపు చేయకపోతే క్రాంక్‌షాఫ్ట్ బీటలు వారి విరిగిపోతుంది. అప్పుడు ఇంజిన్ మొత్తం విప్పాల్సిందే.

ఆ ఊపును అదుపు చేసేదే డ్యాంపర్. మధ్యలో హబ్, చుట్టూ బరువైన ఇనుప రింగు, రెండింటికీ నడుమ రబ్బరు. హబ్ వణికితే బరువైన రింగు అంత తొందరగా కదలదు. ఆ తేడాను రబ్బరు మింగి వేడిగా మారుస్తుంది. కొన్ని ఇంజిన్లలో రబ్బరుకు బదులు మూసిన డబ్బాలో చిక్కటి సిలికాన్ ద్రవం ఉంటుంది. ఆ డబ్బాకు సొట్ట పడినా డ్యాంపర్ పనికిరాదు. చాలా ట్రక్కుల్లో బెల్ట్ తిరిగే పుల్లీ కూడా దీనితో కలిసే ఉంటుంది. నీటి పంపు, ఆల్టర్నేటర్, ఫ్యాన్ తిరగాలంటే ఆ బెల్టే ఆధారం.

ఎత్తులో ఎందుకు త్వరగా పోతుంది?

పద్నాలుగు వేల అడుగుల ఎత్తున గాలి పీడనం సముద్రమట్టంతో పోలిస్తే దాదాపు 60 శాతమే. ఇంజిన్ బలం తగ్గుతుంది. డ్రైవర్ కింది గేరులో, ఎక్కువ ఆర్‌పీఎం మీద గంటల తరబడి బండిని లాగాలి. ఆ ఎత్తులో నీరు దాదాపు 86 డిగ్రీలకే మరుగుతుంది కాబట్టి కూలింగ్ వ్యవస్థపై ఒత్తిడి పెరుగుతుంది. ఇక రాత్రి సున్నాకు ఎంతో దిగువన ఉండే చలికి రబ్బరు బిగుసుకుపోతుంది. పొద్దున్నే స్టార్టు చేస్తే అదే రబ్బరు ఒక్కసారిగా పని మొదలుపెట్టాలి. పైగా రబ్బరుకు కిలోమీటర్లతో పాటు ఏళ్లు కూడా లెక్కే. డిపోలో కదలకుండా నిలబెట్టిన బండిలోనూ అది ముసలిదవుతుంది.

చాంగ్‌లా కనుమకు ఇవతల ఒక ఫీల్డ్ వర్క్‌షాప్‌లో ఉండగా ఒక ట్రక్కు వచ్చింది. ‘‘సాబ్, ఈ నెలలో బెల్టు మూడోసారి మార్చాను. మళ్లీ అరుస్తోంది’’ అన్నాడు డ్రైవర్. ముందువైపు ఆయిల్ చెమ్మ కూడా కనిపించింది. బెల్టుదే తప్పనుకుంటే నాలుగోది వేసి పంపేవాళ్లం. హబ్ నుంచి రింగు మీదుగా సుద్దముక్కతో ఒక గీత గీసి, ఇంజిన్‌ను కాసేపు నడిపి ఆపాం. గీత రెండు ముక్కలై వాటి మధ్య రెండు వేళ్ల దూరం వచ్చింది. రబ్బరు పట్టు వదిలేసింది, రింగు జారిపోతోంది. టైమింగ్ గుర్తు ఆ రింగు మీదే ఉంటే టైమింగ్ చూసేవాడు కూడా మోసపోతాడు.

తీయడంలోనే సగం పని

బ్యాటరీ కనెక్షన్ తీసి, ఫ్యాన్ కవచం విప్పి, బెల్టులు వదులు చేశాం. ఫ్లైవీల్ కదలకుండా బంధించాక మధ్య బోల్టు విప్పాలి. డ్యాంపర్‌ను సుత్తితో కొట్టకూడదు. పుల్లర్ కొక్కేలను బయటి రింగుకు తగిలించి లాగకూడదు. హబ్‌లో ఉన్న మరల రంధ్రాల్లో బోల్టులు బిగించి, పుల్లర్‌తో నెమ్మదిగా, సమంగా లాగాలి. లేదంటే మంచి డ్యాంపర్ కూడా విప్పుతుండగానే పాడవుతుంది.

హబ్ మీద ఆయిల్ సీల్ ఒరుసుకుని గాడి పడింది. ఆయిల్ చెమ్మకు కారణం అదే. ఇలాంటప్పుడు సీల్ తప్పకుండా మార్చాలి. కీ, దాని గాడి అరిగాయేమో చూడాలి. కొత్త డ్యాంపర్‌ను శుభ్రమైన షాఫ్ట్ మీద సూటిగా ఎక్కించి, మాన్యువల్‌లో చెప్పిన బిగువుకు టార్క్ రెంచ్‌తో బిగించాలి. చేతి అంచనా ఇక్కడ పనికిరాదు. చివరగా డయల్ గేజ్ పెట్టి పుల్లీ వంకర తిరుగుతోందేమో చూసి, బెల్టు అన్ని పుల్లీల మీదా ఒకే వరుసలో ఉందని నిర్ధారించుకోవాలి.

అసలు చిక్కు అక్కడే వచ్చింది. పెట్టెలోంచి తీసిన కొత్త డ్యాంపర్ చూడ్డానికి బాగానే ఉంది. గేజ్ పెడితే ముల్లు ఒక చోట నిలవలేదు. రబ్బరు అంచులు గరుకుగా, ఒక పక్క పలచగా ఉన్నాయి. సరఫరా చేసిన సంస్థ ఏదైనా, అది కనుమ ఎక్కే బండికి పెట్టదగ్గ వస్తువు కాదు. తిప్పి పంపాం. కాన్వాయ్ మర్నాడే వెళ్లాలి. గేర్‌బాక్స్ పనికోసం నిలిపిన మరో ట్రక్కు నుంచి బాగున్న డ్యాంపర్‌ను తీసి దీనికి వేశాం. ఒక బండి కదిలింది. రెండో బండి గేర్‌బాక్స్ సిద్ధమైనా, విడిభాగం వచ్చేదాకా రోడ్డెక్కలేకపోయింది. రిజిస్టరులో ఒక మరమ్మతు పూర్తయినట్టు రాసుకున్నాం. సైన్యం చేతిలో బండ్ల సంఖ్య మాత్రం పెరగలేదు.

సొరంగాలు వచ్చినా...

రోడ్ల పరిస్థితి మారుతోంది. 9.02 కిలోమీటర్ల అటల్ సొరంగం 2020 అక్టోబరులో, సోనామార్గ్ సొరంగం 2025 జనవరిలో ప్రారంభమయ్యాయి. సుమారు 13 కిలోమీటర్ల జోజిలా సొరంగం నిర్మాణంలో ఉంది. ఇవి పూర్తయితే ఏడాదిలో ఎక్కువ రోజులు కాన్వాయ్‌లు నడుస్తాయి. అంటే బండ్లకు విశ్రాంతి తగ్గుతుంది, అరుగుదల పెరుగుతుంది. వాస్తవాధీన రేఖకు అవతల టిబెట్ పీఠభూమి చాలావరకు చదును. ఇవతల మనం కనుమ తర్వాత కనుమ దాటి వెళ్లాలి. 2020లో గల్వాన్ ఘర్షణ తర్వాత వేలాది జవాన్లను ఆ ఎత్తుల్లోనే శీతాకాలమంతా నిలపాల్సి వచ్చినప్పుడు ఈ తేడా దేశమంతటికీ తెలిసింది.

సైన్యంలో విడిభాగాలు నిల్వచేసి ఇచ్చేది ఆర్డినెన్స్ కోర్, బిగించేది ఈఎంఈ. రెండింటికీ సికింద్రాబాద్‌లో పెద్ద శిక్షణ కేంద్రాలున్నాయి. లెఫ్టినెంట్ జనరల్ శేకత్కర్ కమిటీ సిఫార్సుల మేరకు 2017లో కేంద్రం మరమ్మతు వర్క్‌షాపుల పునర్వ్యవస్థీకరణకు ఆమోదం తెలిపింది. ట్రక్కులు తయారుచేసే జబల్‌పూర్ వాహన కర్మాగారం 2021 అక్టోబరు నుంచి కొత్త ప్రభుత్వరంగ సంస్థ ఏవీఎన్‌ఎల్ కిందకు వచ్చింది. వ్యవస్థలు మారడం మంచిదే. మార్పుకు కొలమానం మాత్రం కొండ కింద షెడ్డులో సరైన విడిభాగం సరైన రోజున ఉందా లేదా అన్నదే.

నా అనుభవంలో మూడు పనులు తప్పనిసరి. మొదటిది, ఎత్తైన ప్రాంతాలకు వెళ్లే ప్రతి ట్రక్కు డ్యాంపర్‌నూ కిలోమీటర్లతో పాటు వయసును బట్టి కూడా తనిఖీ చేయాలి. సుద్దగీత పరీక్షకు ఖర్చేమీ లేదు. రెండోది, విడిభాగం పెట్టె మీద తయారీ తేదీ ఉండాలి, డిపో గడప దాటకముందే గేజ్ పరీక్ష జరగాలి. తక్కువ ధరకు కొన్న నాసిరకం వస్తువు కనుమ మీద ఎంత ఖరీదు పడుతుందో టెండరు కాగితంలో కనిపించదు. మూడోది, ట్రక్కు కొనేటప్పుడే దాని సర్వీసు కాలమంతటికీ విడిభాగాల హామీ రాయించుకోవాలి. జబల్‌పూర్‌లో ఉత్పత్తి ఆగిపోయాక కూడా శక్తిమాన్ ట్రక్కులు ఏళ్ల తరబడి సేవలందించాయి. తయారీ ఆగిన రోజున అవసరం ఆగదు.

ట్రక్కు కొన్నప్పుడు వార్త అవుతుంది. అది పదిహేనేళ్ల పాటు ఆగకుండా నడిస్తే ఎక్కడా వార్త రాదు. సరిహద్దున ఉన్న జవానుకు కావలసింది ఆ రెండోదే.